ఈతపందెములలో జట్టు లెక్క: వజ్రపు తూకమా, వేరుసెనగ తూకమా?

వజ్రకరూరు పేరు చెప్పగానే ఎవరికిని నీరు జ్ఞప్తికి రాదు. రాతిగుట్టలు, వేరుసెనగ చేలు, తొలకరి చినుకు పడగానే చేలలో నేలచూపులతో తిరుగు జనము జ్ఞప్తికి వత్తురు. అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అట్టి సీమలో కూర్చుండి ఈతపందెముల న్యాయాన్యాయములను విచారించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని నిదానించి చూచినచో ఈ విచారమునకు ఇంతకంటె తగిన తావు దొరకదు. నీరు సమృద్ధిగా నున్నచోట ఈతగాండ్రు వందలకొలది తయారగుదురు. నీరు కరవైనచోట పట్టుమని పదిమంది యుండరు. ఈ రెండు తావులనుండి వచ్చిన జట్లను ఒకే త్రాసున తూచుట ఎట్లు? పెద్దవారి ఔత్సాహిక ఈతపోటీలలో ఏబదియేండ్లకు పైగా నలుగుచున్న ప్రశ్న యిది.

మన మెట్టపల్లెలలో ఈతకు బడి బావియే. మోటబావులును దిగుడుబావులును నిండుగా నున్న దినములలో, ఎండిన సొరకాయబుర్రయో బెండో నడుమునకు కట్టి, పెద్దవారు గట్టుమీద త్రాడు పట్టుకొని నిలిచి, పిల్లలను నీటిలోనికి దింపెడివారు. రెండు వేసవులు గడచునప్పటికి బుర్ర పోయెడిది, ఈత నిలిచెడిది. బోరుబావులు వ్యాపించి, భూగర్భజలము క్రిందికి దిగి, పాతబావులు ఎండిపోయిన పిమ్మట చాల పల్లెలలో ఆ బడి మూతపడినది. కనుక ఈ సీమలో ఒకనికి ఈత వచ్చుట యనునది వాని పట్టుదలకు ఎంత సాక్ష్యమో, వాని బాల్యమున ఊరిబావిలో నీరుండెననుటకును అంత సాక్ష్యము. జట్ల బలాబలములను లెక్కించువారు ఈ సంగతిని మొదటనే మనస్సున నుంచుకొనవలెను.

ఇక తూకము సంగతి. ఈ ఊరి పరిసరములలో రెండువిధములైన తూకములు నడచుచున్నవి. మొదటిది వేరుసెనగ తూకము. పది బస్తాల కాయకు ఒక బస్తావలె పదిరెట్ల వెల. బస్తా యెవరి చేనిదైనను, తీసిన చేయి యెవరిదైనను, మొత్తమే ప్రధానము. రెండవది వజ్రపు తూకము. ఇచ్చట మొత్తము పనికిరాదు. పది చిన్నరాళ్లను పోగుచేసినను, వాని మొత్తపు బరువుగల ఒక్క పెద్దరాయికి సాటిరావు. పదునేడవ శతాబ్దమున మన గోలకొండ గనులకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథమున ఈ వెలకట్టు సూత్రమును వివరించెను. ఆ గ్రంథము 1676లో వెలువడినది. రాతి బరువును దానితోడనే గుణించి, వచ్చిన దానిని ఒక కారట్టు వెలతో గుణింపవలెనని ఆ సూత్రము. కారట్టు వెల నూఱు రూపాయలనుకొన్నచో, పది కారట్ల ఒక్కరాయి పదివేలు చేయును. ఒక్కొక్క కారట్టు రాళ్లు పది చేరి వేయి రూపాయలే చేయును. 1881లో ఈ వజ్రకరూరు ప్రాంతముననే సుమారు 67 కారట్ల రాయి యొకటి దొరకి మద్రాసు చేరెనని ప్రసిద్ధి. అంత బరువుగల చిన్నరాళ్ల మూట దొరకియున్నచో ఆ వార్త ఇన్నాళ్లు నిలిచెడిది కాదు.

ఈతపోటీలలో జట్టు విజయమును నిర్ణయించు పద్ధతులన్నియు, ఎన్ని పేర్లు పెట్టినను, ఈ రెండు తూకముల నడుమ ఎచ్చటనో యొకచోట నిలుచును. ప్రథమస్థానమునకు ఎన్ని పాయింట్లు, పదవస్థానమునకు ఎన్ని, మొత్తము కూడవలెనా, తలకు ఇంతయని పంచవలెనా? ఈ ప్రశ్నలు పైకి గుమాస్తా లెక్కలవలె కనబడును గాని, వీనిలో ఒక న్యాయదృష్టి దాగియున్నది.

పూర్వచరిత్రను కొంచెము చూతము. ఇంగ్లండున ఈతసంఘములు 1869లో లండన్ నగరమున కూడి ఒక సమాఖ్యగా నేర్పడి, ఔత్సాహికుడనగా ఎవడో నిర్వచింప యత్నించినవి. డబ్బుకొఱకు ఈదువాడు వేఱు, వేడుకకు ఈదువాడు వేఱు అని గీత గీయుట నాటి ముఖ్యవివాదము. 1875లో మాథ్యూ వెబ్ ఇంగ్లీషు ఛానెలును ఈది దాటెను. మనవారిలో మిహిర్ సేన్ 1958లోను, ఆరతీ సాహా 1959లోను ఆ ఘనతను సాధించిరి. ఇట్టి సాహసములలో జట్టు లెక్కకు తావులేదు. సముద్రము ఒకవైపు, మనిషి యొకవైపు. ఒడ్డు చేరినచో గెలుపు, చేరనిచో లేదు. చిక్కంతయు నలుగురు చేరి ఒక పేరుతో పోటీకి దిగినపుడే మొదలగును.

1896లో ఏథెన్సున జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈత సముద్రజలముననే జరిగినది. 1908లో అంతర్జాతీయ ఈత సమాఖ్య లండనున ఏర్పడినది. దానినే నేడు వరల్డ్ ఆక్వాటిక్స్ అనుచున్నారు. ఒలింపిక్ నిబంధనావళి ఒక మాటను స్పష్టముగా చెప్పుచున్నది: పోటీ క్రీడాకారుల నడుమ, జట్ల నడుమ జరుగును గాని, దేశముల నడుమ కాదు. అయినను లోకము ఊరకుండదు గదా! దేశములవారీగా కూడికలు వేయుట పత్రికలకు అలవాటైనది. 1952లో హెల్సింకి క్రీడలకు సోవియట్ దేశము తొలిసారిగా వచ్చినపుడు ఈ కూడికలే పెద్దవివాదమైనవి. అమెరికా పత్రికలు మొదటి ఆరు స్థానములకు వరుసగా 10, 5, 4, 3, 2, 1 చొప్పున పాయింట్లు వేసికొనినవి. సోవియట్ వారు 7, 5, 4, 3, 2, 1 చొప్పున వేసికొనిరి. మొదటి లెక్కలో ప్రథమస్థానము రెండు ద్వితీయస్థానములకు సమానము. రెండవదానిలో ఆ అంతరము చాల తక్కువ. ఫలితమేమి? అమెరికా లెక్కలో అమెరికాయే ముందు నిలిచినది. సోవియట్ లెక్కలో ఇరువురు సమానులైరి. పరుగెత్తినవారు వారే, ఈదినవారు వారే, గడియారములు చూపిన కాలమును అదియే. మారినది పట్టిక యొక్కటే. పట్టికను ముందుగా ఒప్పుకొనక, ఆట ముగిసిన పిమ్మట ఎవరి పట్టికను వారు వ్రాసికొన్నచో గెలుపునకు అర్థముండదని ఈ ఉదంతము తెలుపుచున్నది.

ఇపుడు పెద్దవారి పోటీలకు వత్తము. 1970 మే నెలలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున అమరిల్లో పట్టణమున, పాఠశాల కళాశాలల వయస్సు దాటినవారికొఱకు ఒక జాతీయపోటీ జరిగినది. పాల్గొన్నవారు ఏబదిమందికి లోపు. దీనికి ముఖ్యప్రేరకుడు నౌకాదళ వైద్యుడైన రాన్సమ్ ఆర్థర్. నడివయస్సున మనుష్యులు కదలికమాని ఆరోగ్యమును పోగొట్టుకొనుచున్నారనియు, ఎదుట ఒక పోటీయున్నచో వారు మరల నీటిలో దిగి సాధన చేయుదురనియు ఆయన ఆశయము. ఆ యాశయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెను. తరువాతి తగవును తీర్చుటకు అదియే ఆధారము. ఈ ఉద్యమము దేశదేశములకు వ్యాపించి, 1986లో టోక్యోలో అంతర్జాతీయ సమాఖ్య తొలి ప్రపంచపోటీని నడపినది. ఈ పోటీలను మాస్టర్స్ పోటీలందురు. మన దేశముననుగూడ ఇవి జరుగుచున్నవి.

ఈ పోటీలలో న్యాయమునకు వేసిన మొదటి మెట్టు వయస్సునుబట్టి తరగతులు. ఇరువదియైదేండ్లు మొదలు ఐదేసియేండ్లకు ఒక తరగతి. ముప్పదియేండ్లవాడు ముప్పదియేండ్లవానితోను, డెబ్బదియేండ్ల యామె ఆ యీడువారితోను పోటీపడుదురు. ఇది మన రైతులకు క్రొత్తసంగతి కాదు. రాయలసీమలో బండలాగుడు పందెములు పెట్టునపుడు ఎడ్లను పండ్లనుబట్టి విభజింతురు. పాలపండ్ల జత వేఱు, రెండుపండ్లది వేఱు, నాలుగు పండ్లది వేఱు, ఆరు పండ్లది వేఱు. పాలపండ్ల కోడెలను ముదురు ఎద్దులకు ఎదురు నిలుపుట ధర్మము కాదని చదువురాని కాపును చెప్పగలడు.

రెండవ మెట్టు ఇంకను సొగసైనది. నలుగురు వంతులవారీగా ఈదు పందెమున, అనగా రిలేలో, ఆ నలుగురి వయస్సులను కూడి తరగతిని నిర్ణయింతురు. కూడిక 100 మొదలు 119 వఱకు ఒక తరగతి, 120 మొదలు 159 వఱకు ఒకటి, 160 మొదలు 199 వఱకు ఒకటి, ఇట్లు పైకి పోవును. ముప్పది, నలుబది, ఏబది, అరువదియేండ్లవారు నలుగురు కలిసినచో మొత్తము 180. వారు ఆ తరగతిలో ఈదుదురు. ముసలితనము జట్టునకు బరువు కాక, వయస్సు కూడ జట్టునకు తెచ్చిపెట్టు సొమ్మువలె నైనది. తండ్రి, కొమరుడు, పినతండ్రి, మేనమామ ఒకే జట్టుగా దిగుటకు ఇంతకంటె చక్కని ఏర్పాటేది?

మనుష్యుల వయోభేదము ఇట్లు సరిపడినది గాని, జట్ల పరిమాణభేదము సరిపడలేదు. అమెరికా జాతీయపోటీలలో మొదటి పదిస్థానములకు వరుసగా 11, 9, 8, 7, 6, 5, 4, 3, 2, 1 చొప్పునను, రిలేలకు దీనికి రెట్టింపును పాయింట్లు ఇచ్చు పద్ధతి గలదు. ఇది వేరుసెనగ తూకమునకు దగ్గఱ. పదునొకండు పదవస్థానములు చేరి ఒక ప్రథమస్థానమునకు సమానమగును.

ఒక ఊహాలెక్క వేసి చూతము. మెట్టసీమ నుండి ఆరుగురు వచ్చిరనుకొందము. ఒక్కొక్కరు ఐదు పందెములలో దిగి అన్నిట ప్రథములైరి. వారి మొత్తము 6 ఐదుల 30 పందెములకు 330 పాయింట్లు. మహానగరము నుండి అరువదిమంది వచ్చి, ఒక్కొక్కరు ఐదేసి పందెములలో తొమ్మిదవస్థానమును పొందిరి. వారి మొత్తము 300 పందెములకు రెండేసి చొప్పున 600 పాయింట్లు. ఒక్కసారియైనను ఓడని ఆరుగురు ఓడిపోయిరి. ఒక్కసారియైనను గెలువని అరువదిమంది గెలిచిరి! చిన్నజట్లవారు ఇది యెక్కడి న్యాయమని అడుగుటలో ఆశ్చర్యము లేదు. ఆ బహుమానము ఈతను కొలిచినదా, జనాభాను కొలిచినదా? ఇంకను నిజము చెప్పవలెనన్నచో, నగరములో కట్టిన ఈతకొలనుల సంఖ్యను కొలిచినది.

సరే, వజ్రపు తూకము వేయుదము. మొదటి స్థానమునకు పది పదుల నూఱు, రెండవదానికి తొమ్మిది తొమ్ముదుల ఎనుబదియొకటి, ఇట్లు దిగుచు తొమ్మిదవస్థానమునకు రెండు రెళ్ల నాలుగు. అపుడు ఆరుగురికి 3,000 పాయింట్లు, అరువదిమందికి 1,200 మాత్రమే. తీర్పు తలక్రిందులైనది. చిన్నజట్టువారు సంతోషింతురు. కాని ఇచ్చట నష్టపడినదెవరో గమనింపుడు. నలుబదియైదవయేట ఈత నేర్చి, భయమును జయించి, తొమ్మిదవస్థానమున గోడను తాకిన గృహిణి నష్టపడినది. ఆమె శ్రమ లెక్కకు రాని నలుసైపోయినది. మఱుసటియేడు జట్టునాయకుడు ఆమెను పిలుచునా?

సగటు తీసినచో? ఆరుగురికి తలకు 55, అరువదిమందికి తలకు 10. ఇది న్యాయముగా కనబడును. కాని ఈ దారిని ఇంకొకయడుగు పోయినచో, ఒక్కడే వచ్చి ఐదు పందెములు గెలిచినవానికిని సగటు 55 యగును. అనగా ఒంటివాడు ఆరుగురి జట్టునకు సమానుడు. జట్టు అను మాటకే అర్థము పోయినది. అంతకంటె కీడు మఱొకటి గలదు. సగటు పద్ధతిలో బలహీనుడు చేరినకొలది జట్టు దిగజారును. కనుక ముసలివానిని, క్రొత్తవానిని ఇంటికడ నుంచుటయే నాయకుని నేర్పగును. రాన్సమ్ ఆర్థర్ ఎవరికొఱకు పోటీని తలపెట్టెనో వారినే ఈ పద్ధతి వాకిట నిలిపివేయును.

మఱియొక మార్గము, ప్రతిజట్టునుండి నిర్ణీతసంఖ్యలో మేటివారినే లెక్కించుట. దూరపు పరుగుపందెములలో ఇది చిరకాలముగా వాడుకలో నున్నది. కాని ఆరుగురిలో ఆరుగురిని ఎన్నుకొనుట వేఱు, అరువదిమందిలో ఆరుగురిని ఎన్నుకొనుట వేఱు. పెద్దజట్టునకు మేలు తగ్గునే గాని పోదు. మిగిలిన ఏబదినలుగురు ప్రేక్షకులగుదురు.

కనుక అమెరికాలో జట్లను పరిమాణమునుబట్టి పెద్ద, నడిమి, చిన్న యని తరగతులు చేయుటయు, ఒకే కొలనున సాధనచేయు స్థానికసంఘములను, పలు కొలనులవారిని ఒక పేరుక్రిందికి చేర్చుకొన్న ప్రాంతీయసంఘములనుండి వేఱుచేయుటయు ఆచరణలోనికి వచ్చినవి. ఎడ్లకు పండ్లు చూచినట్లు జట్లకు తలలు చూచుట యన్నమాట. ఇందును మెలకువ కావలెను. పోటీకి వచ్చినవారిని మాత్రమే లెక్కించినచో, ఐదువందల సభ్యులుగల సంఘము తన మేటి ఆరుగురిని పంపి చిన్నతరగతి బహుమానమును తన్నుకొనిపోవును. సంఘపు మొత్తము సభ్యత్వమును చూచినచో, పేరునకు చేరి నీటిముఖము చూడనివారును లెక్కకు వత్తురు. ఏ గీత గీచినను గీత ప్రక్కనున్నవానికి కొంత బాధ తప్పదు. అయినను గీత లేకుండుటకంటె ఇది మేలు.

ఇచ్చట ఇంకొక ఆక్షేపణ వినవచ్చుచుండును. ఎనుబదియేండ్లు పైబడిన తరగతులలో పోటీదారులు అరుదు. ఒక్కొక్కప్పుడు ఒక్కరే ఈది ప్రథమస్థానపు పాయింట్లన్నియు పొందుదురు. నలుబదియైదేండ్ల తరగతిలో కిక్కిరిసిన పోటీలో పదవవాడై ఒక్క పాయింటు పొందినవాడు, ఇది అన్యాయమనును. లెక్కప్రకారము వాని మాట కాదనరానిది. కాని ఆ వృద్ధుని ప్రత్యర్థులందఱు ఏమైరి? కొందఱు గతించిరి, కొందఱు మంచమెక్కిరి, కొందఱు సాధన మానిరి. ఆయన వారినందఱిని దాటియే ఆ కొలనుగట్టుమీద నిలిచెను. ఆ పందెము గడియారముతో కొలిచినది కాదు, సంవత్సరములతో కొలిచినది. ఆ పాయింట్లు దానమని నాకు తోచదు.

పోటీ యెందుకు? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పనిదే తూకము నిర్ణయింపరాదు. శ్రేష్ఠుని వెదకుటకైనచో వజ్రపు తూకమే తగును. ఒలింపిక్ పతకము అట్టిది. జనమును నీటియొద్దకు రప్పించుటకైనచో వేరుసెనగ తూకము తగును. ప్రతిగింజకు వెల యుండవలెను. పెద్దవారి ఔత్సాహిక పోటీకి మొదటినుండియు రెండవదే ప్రధానోద్దేశము. హైదరాబాదునకు చెందిన గోలి శ్యామల నడివయస్సున నీటిభయమును జయింప ఈత నేర్చి, 2021 మార్చిలో శ్రీలంకనుండి ధనుష్కోడికి పాక్ జలసంధిని ఈదెను. ఆమె మొదటిదినమున నీటిలో దిగినపుడు ఏ జట్టునాయకుడును ఆమెను వజ్రముగా గుర్తించియుండడు. నేలమీద రాయివలె పడియున్న దానిని ముందు చేతిలోనికి తీసికొనినవానికే అది వజ్రమో కాదో తెలియును. తొలకరిలో వజ్రకరూరు చేలలో తిరుగువారు ఈ సంగతిని బాగుగ నెఱుగుదురు.

ఇందులో ప్రాణముల ప్రశ్నయు గలదు. నీటమునిగి 2021లో లోకమున సుమారు మూడులక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024లో ప్రకటించినది. కరవుసీమకు ఈ ప్రమాదము లేదనుకొనరాదు. నీరు అరుదైనచోట ఈతయు అరుదు. కుంట నిండినదినముననే అపాయము. తల్లిదండ్రులకు ఈత వచ్చియున్నచో పిల్లలకు వచ్చును. ఒక పాయింట్ల పట్టిక నలుబదియేండ్లవానిని కొలనుకు రప్పించినను, రానీయకున్నను, దాని ఫలితము బహుమానపు బల్లతో ముగియదు.

కావున రేపు మన జిల్లాలలో ఎవరైనను ఇట్టి పోటీని పెట్టదలచినచో ఈ నియమములు చాలునని తోచుచున్నది. పట్టికను పందెమునకు ముందే చదివి వినిపింపవలెను. జట్లను వాని పరిమాణమునకు తగిన తరగతులలో నిలుపవలెను. ఆ తరగతిలో పాయింట్లను మొత్తముగా కూడవలెనే గాని సగటు తీయరాదు. ఒడ్డు చేరిన ప్రతివానికి కొంత లెక్క యుండవలెను. మేటి ఈతగానికి వేఱుగ ఒక బహుమానమిచ్చి, అది దేనికో స్పష్టముగా పేర్కొనవలెను. రెండు తూకములను ఒకే త్రాసున కలిపినపుడే తగవు వచ్చును. వర్తకుడు వజ్రమును బస్తాల కాటాపై పెట్టడు, వేరుసెనగను రత్తులతో తూచడు. ఆపాటి వివేకము ఆటల పెద్దలకును ఉండిన చాలును.